ఐరన్ పీకాక్స్ జహీరాబాద్ రాకూడదు

బస్వరాజ్ రేడియో దుకాణంలో ఆ ఆదివారం మధ్యాహ్నం సమావేశానికి పదకొండు మంది వచ్చారు. ఐరన్ పీకాక్స్ అభిమాన సంఘంలో ఉన్నదే పదకొండు మంది. స్టూళ్లు నాలుగే కావడంతో మిగతావాళ్లు విప్పిపెట్టిన రేడియోల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని సర్దుకున్నారు. అధ్యక్షుడు మాణిక్‌కు మాత్రం ఎప్పటిలాగే చేతుల కుర్చీ వేశారు.

ఆ కుర్చీ అతనికి ఊరికే రాలేదు. మాణిక్ తాలూకా ఆఫీసులో నకళ్లు రాసే గుమాస్తా. మూడేళ్ల కిందట, ఎనభై రెండులో, బొంబాయి రాక్ బృందం ఐరన్ పీకాక్స్ హైదరాబాదు మైదానంలో పాడినప్పుడు ఈ ఊరి నుంచి వెళ్లింది అతనొక్కడే. ముప్పై వేల మంది వెనక నిలబడి చూశాడు. గాయకుడు రూబెన్ బొటనవేలంత కనబడ్డాడు. తిరిగొచ్చాక "ఎట్లుండె?" అని బస్వరాజ్ అడిగితే ఆ బొటనవేలి సంగతి చెప్పడానికి మనసొప్పలేదు. "చెయ్యి కలిపిండు" అన్నాడు. అనగానే నిజంగా జరిగినట్టే అనిపించింది. వారం తిరిగేసరికి రూబెన్ అతని పేరు అడిగాడు. దీపావళికల్లా "నువ్వు నా దోస్తువి" అని కూడా అనేశాడు. సంఘంలో చేరే ప్రతివాడూ ముందుగా మాణిక్ కుడిచేయి పట్టుకుని ఊపాలన్నది తర్వాత పుట్టిన ఆచారం. సభ్యత్వానికి అదే రసీదు.

ఇప్పుడు బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. మైదానాల్లో పాడి పాడి బృందానికి విసుగు పుట్టిందట. ఈసారి హైదరాబాదు మైదానంలో పాడేముందు దారిలోని చిన్న ఊళ్లలో కూడా, అభిమానుల ముఖాలు చూస్తూ పాడతారట. జహీరాబాదులో నాలుగు వందల కుర్చీల సినిమా హాలు చాలట. మధ్యలో సంఘం అధ్యక్షుణ్ని వేదిక మీదికి పిలుస్తారట.

బస్వరాజ్ ఆ ముక్క చదివేసరికి మాణిక్ కుడిచేయి జేబులో పెట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు.

"ఏంది వద్దు ప్రెసిడెంట్ సాబ్?" అన్నాడు అల్లం వ్యాపారి చెన్నబసప్ప. "ఇంటి ముందల్కి వస్తుంటే వద్దంటవేంది?"

"ముప్పై వేల మందికి పాడెటోళ్లు సేఠ్. ఆ హాల్ల పైన రేకులు, కుర్సీలల్ల నల్లులు. అండ్ల పాడిస్తే వాళ్ల ఇజ్జత్ ఏం గావాలె?"

"నల్లులకు ఇజ్జత్ ఏం ఎరుక? అవ్వి ఎవన్నయినా ఒక్కతీరుగనే కుడ్తయ్." అందరూ నవ్వారు. "నాకైతే రూబెన్ చెమట కనబడాలె. ముందు వరుసల కూసుంట. ఒక్క చుక్క మీద పడ్డా చాలు."

"కళ ప్రజల దగ్గరికి రావాలె" అన్నాడు బడిపంతులు గురులింగప్ప.

"పిల్లలే నీ బడికి వస్తలేరు, నువ్వు ఎన్నడన్న పోయినవా సార్ వాళ్ల దగ్గరికి?" అన్నాడు మాణిక్. "పెద్దదాన్ని పెద్దగనే ఉంచాలె. దూరం నుంచి చూస్తేనే దానికి విలువ."

తన మాటలు తనకే ముచ్చటగా వినిపించాయి. భయం ఇంత చక్కగా మాట్లాడగలదని అతనికి అంతవరకూ తెలియదు.

చేతులెత్తమన్నాడు బస్వరాజ్. రమ్మనడానికి పది చేతులు లేచాయి.

"ఫికర్ ఎందుకు మాణిక్ భాయ్?" అన్నాడు బస్వరాజ్. " స్టేజి మీద నిన్ను చూడంగనే కావలించుకుంటడు. గదే మాకు చూడాలె."

మాణిక్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆపడానికి ఇంకొక్క దారే మిగిలింది.

"కావలించుకోడు. నేనెవన్నో ఆయనకు ఎరుకనే లేదు. చెయ్యి కలపలే, దగ్గరికి గూడ పోలే. అంతా అబద్ధమే చెప్పిన."

మాణిక్ తిట్ల కోసం ఎదురుచూశాడు. తిట్టినా బాగుండు, తేలికగా ఉంటుంది అనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. అసలు అతని వైపే చూడటం లేదు. ఒక్కొక్కరూ తమలోకి తాము చూసుకుంటున్నారు. ఎందుకో మాణిక్‌కు మెల్లగా అర్థమైంది. రూబెన్ తన దుకాణం అల్లం కోసం మనిషిని పంపుతాడని చెన్నబసప్ప బీదర్‌లో అత్తగారింట చెప్పుకున్నాడు. రూబెన్ ఇంగ్లీషు పాటల్ని తాను దిద్ది పంపుతున్నానని గురులింగప్ప హెడ్మాస్టరుతో అన్నాడు. 'ఐరన్ పీకాక్స్ మిత్రులది' అని బస్వరాజ్ ఏకంగా దుకాణం బోర్డు మీదే రాయించాడు. ఇవన్నీ మాణిక్ చెవిన పడ్డవే. అతను చెప్పిన అబద్ధం ఒక్కటే, వీళ్లు దాన్ని తలా కొంచెం పెంచి సాకుతున్నారు.

ముందు చెన్నబసప్ప గొంతు సవరించుకున్నాడు. "రేకులున్న మాట నిజమే."

"కళకు ఒక స్థాయి ఉండాలె" అన్నాడు గురులింగప్ప.

"ఇందాక ప్రజలంటివి కద సార్?" అన్నాడు మాణిక్.

"ప్రజలే మైదానానికి పోవాలె."

"నల్లులు గూడ జర ఎక్కువనే ఉన్నయ్" అన్నాడు బస్వరాజ్.

మాణిక్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇక దాచడానికేమీ లేదు. నాలుగు వందల్లో ఒకడిగా కూర్చుని ఆ మనిషిని మనిషంత చూడొచ్చు.

"రానియ్యున్రి" అన్నాడు. "స్టేజి ఎవరన్న ఎక్కున్రి. నేను కింద కూసోని చూస్త, అంతే."

"ఏంది భాయ్, ఇందాక వద్దన్నది నువ్వే కద?" అన్నాడు బస్వరాజ్.

"ఇందాక భయపడ్డ. ఇప్పుడు లేదు."

"నీకు లేకుంటే అయిపాయెనా?" అన్నాడు చెన్నబసప్ప.

మళ్లీ చేతులెత్తారు. వద్దనడానికి పది చేతులు. మాణిక్ మళ్లీ ఒక్కడే మిగిలాడు. రాజీనామా చేస్తానంటే ఒప్పుకోలేదు. అధ్యక్షుడు మారితే కారణం చెప్పాలి కదా! బస్వరాజ్ ఉత్తరం రాశాడు: 'మీ స్థాయికి తగిన హాలు మా ఊళ్లో లేదు. దయచేసి చిన్నబోకండి, చిన్నవాళ్లు కాకండి.' సంతకం కోసం కాగితం మాణిక్ ముందుకు జరిపాడు.

"పెట్టకపోతే?" అన్నాడు మాణిక్ కలం వంక చూస్తూ.

"పెట్టకపోతే మా అందరితోని అబద్ధమాడిపిచ్చినోనివి అయితవ్." చెన్నబసప్ప గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఇప్పుడు చెప్పింది మాతోని చెప్పినవ్, సరే. బయట అనకు."

మాణిక్ సంతకం పెట్టాడు. కవరు అంటించగానే అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఈసారి హైదరాబాదు మైదానానికి పదకొండు మందీ కలిసి పోవాలనుకున్నారు. బస్సులో పోవాలా, రైల్లో పోవాలా అని కొట్లాట మొదలైంది.