బూటు అడుగున దుమ్ము

క్రెష్‌లో చేరిన మొదటి రోజే ఆయమ్మకు ఒక సంగతి చెప్పారు. పిల్లవాడు ఇక్కడ మొదటి అడుగు వేస్తే తల్లికి చెప్పకూడదు. పొద్దస్తమానం పనిచేసి వచ్చే తల్లికి ఆ అడుగు ఇంట్లో, తన కళ్లముందే పడాలి. ఇరవై రెండేళ్లుగా ఆయమ్మ ఆ మాట తప్పలేదు. పైగా తన తెలివి కొంత జోడించింది. కొత్త బూట్ల అడుగున దుమ్ము కనబడితే గుట్టు రట్టవుతుందని, తల్లులు వచ్చేలోపు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసేది. ఎవరూ చెప్పని పని అది. అలాంటి పనులకే మనిషి ఎక్కువ మురిసిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం గుండుగాడు నడిచాడు. అసలు పేరు వేరే ఉంది గాని, ఆ తలకాయ చూశాక ఎవరికీ గుర్తుండదు. పదమూడు నెలలవాడు. కుర్చీ వదిలేసి, చేతులు రెండూ పైకెత్తి, ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు నాలుగడుగులు వేసి ఆయమ్మ ఒళ్లో కూలబడ్డాడు. ఆమె వాణ్ని గుండెకు హత్తుకుని చుట్టూ చూసింది. ఇంత పెద్ద సంగతి చెప్పుకోవడానికి నిద్రపోతున్న తొమ్మిదిమంది పిల్లలు తప్ప ఎవరూ లేరు.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. "ఏమైనా నడిచాడా ఆయమ్మా?"

"ఎక్కడమ్మా! కుర్చీ వదిలితే ఒట్టు," అంది ఆయమ్మ, ముఖం ఏమాత్రం మారకుండా.

ఇదివరకైతే ఇలాంటి రోజున ఇంటికి పరుగెత్తేది. అందరి దగ్గరా గుంభనంగా ఉండే ఆమెకు అక్క దగ్గర మాత్రం నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఎవడు బోర్లాపడ్డాడు, ఎవడు పాకాడు, ఎవరి బూట్లు ఎలా తుడిచింది, అన్నీ అన్నం తింటూ చెప్పేది. "చేతులు పైకెత్తాడా?" అని అక్క ప్రతిసారీ అడిగేది. ఆయమ్మ మొదటి అడుగు చూసింది అక్క ఒక్కతే. అమ్మ పోయేనాటికి చెల్లెలికి తొమ్మిది నెలలు, అక్కకు పదకొండేళ్లు. ఒకరు పెంచుతూ, ఒకరు పెరుగుతూ, ఇద్దరూ పెళ్లి ఊసే మరిచిపోయారు.

రెండు నెలల కిందట అక్కకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఆస్పత్రిలో అరవై ఎనిమిదేళ్ల అక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ముందు ఒత్తిగిలడం, తరవాత కూర్చోవడం, ఆ తరవాత పట్టుకుని నిలబడటం. ఆ వరస ఆయమ్మకు కొట్టిన పిండి. కాని చంటిపిల్లలైతే ఇవాళ కాకపోతే రేపు నడుస్తారు. ఈ వయసులో ఆ హామీ ఎవరిస్తారు? ఇల్లేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నెలాఖరుకు నడవకపోతే వృద్ధుల కేంద్రానికి పంపాల్సిందేనని పెద్ద డాక్టరు చెప్పేశాడు. ఇంకా ఆరు రోజులే ఉంది. నడక నేర్పేది పొద్దున పూట, ఆయమ్మకు తీరేది సాయంత్రం. ఊళ్లోవాళ్ల పిల్లల పక్కన ఉంటూ సొంత అక్క పక్కన ఉండలేకపోతున్నానని లోలోపల కుమిలిపోయేది.

ఇంట్లో ఖాళీగా ఉన్న అక్క మంచం వైపు చూడకుండా నిద్రపోవడం ఆమెకింకా చేతకాలేదు. ఒకరోజు వంటింట్లో నిలబడి, ఫలానావాడు పాకాడని కూరగిన్నెతో చెప్పింది. తన గొంతు తనకే వినబడి, సిగ్గేసి, స్టవ్ ఆపేసి తినకుండానే పడుకుంది.

అక్క కోసం కొత్త బూట్లు కొని ఆస్పత్రి మంచం కింద పెట్టి పది రోజులైంది. నడిచే రోజున వేద్దామని చెప్పి ఉంచింది.

గుండుగాడు నడిచిన ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లేసరికి, నడక నేర్పే అమ్మాయి డ్యూటీ అయిపోయినా అక్కడే ఉంది. "ఇప్పటిదాకా ఒక్క అడుగూ పడలేదమ్మా. మీరున్నారుగా, ఇప్పుడోసారి చూద్దామా? మీరటు చివర నిలబడండి."

ఆయమ్మ చేతిసంచి కింద పెట్టింది. "ఉండమ్మా, బూట్లు నేను వేస్తా," అని మంచం కిందికి వంగింది.

బూటు అడుగు చేతికి చల్లగా తగిలింది. వేలితో తడిమింది. ఇప్పుడే తుడిచినట్టు తడిగా ఉంది. కుడి బూటు ముందు కొస గీసుకుపోయింది. ఈడ్చి నడిచే కాలికే అలా అరుగుతుంది.

తడిగుడ్డ కిటుకు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఆయమ్మ తలెత్తింది. అక్క కిటికీ వైపు చూస్తోంది, అబద్ధం ఆడినప్పుడల్లా చూసినట్టే. మాట లేని మనిషి ఆ అమ్మాయికి సైగలతో ఎంత తంటాలు పడి చెప్పిందో!

ముందు మనసు చివుక్కుమంది. అక్క ఎన్నాళ్లుగానో నడుస్తోంది, తనకే తెలియలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది తల్లులు తడి బూటు చేత్తో పట్టుకుని, తెలిసీ కిమ్మనకుండా ఊరుకున్నారో అని అప్పుడు తట్టింది. తానేదో గడుసుదాన్ననుకుంది, పిచ్చి మొహం.

బూట్లు తొడిగి, గది చివరికి వెళ్లి చేతులు చాచింది. అక్క మంచం వదిలింది. ఎడమ కాలు వేసింది, కుడి కాలు ఈడ్చింది. ఏడో అడుగుకు చెల్లెలి భుజం అందుకుంది.

"నడిచావక్కా! మొట్టమొదటిసారి!" అని ఆయమ్మ ఏడ్చింది. మాట అబద్ధమే గాని ఏడుపు నిజం.

"ఇంక రేపు పొద్దున మెట్లు," అంది ఆ అమ్మాయి.

"నాకోసం ఆపకండమ్మా. ఎక్కించేయండి."

అక్కను మంచం మీద కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర కూర్చుంది. "ఇవాళ గుండుగాడు నడిచాడక్కా," అంది. అక్క ఎడమ చెయ్యి ఒక్కటే పైకెత్తి ప్రశ్నగా చూసింది. "ఆఁ, రెండూ ఎత్తాడు," అంది ఆయమ్మ.

చెబుతూనే బూట్లు విప్పింది. అడుగున దుమ్ము అంటింది. అలవాటు కొద్దీ చేతిరుమాలు తీసింది. అక్క ఎడమచెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. పెదాలు వంకర తిరిగాయి, మెడ నరాలు ఉబ్బాయి.

"వ... వద్దు."

ఇది మాత్రం నిజంగా మొదటిదే. ఆ అమ్మాయి నోరు తెరిచి నిలబడిపోవడం చూస్తేనే తెలిసింది.

చూడవచ్చినవాళ్లు వెళ్లాలని గంట కొట్టారు. ఆయమ్మ బూట్లను దుమ్ముతోనే మంచం కింద పెట్టి, ఒక్కతే ఇంటికి బయలుదేరింది.