రావియాకి తిరిగొచ్చిన నెలసరి

రంజాన్ నాలుగో రోజు మధ్యాహ్నం మా తోడికోడలు రావియా వంటింట్లో ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి గ్లాసెడు నీళ్లు తాగుతూ మా అత్తగారి కంట పడింది. మా ఇంట్లో అదేమీ తప్పు కాదు. నెలసరి రోజుల్లో ఆడదానికి ఉపవాసం లేదు. మగవాళ్లు చూడకుండా వంటింట్లో తాగుతాం, తింటాం, ఎవరూ ఎవరినీ అడగరు. విడిచిన రోజులెన్నో గుర్తుపెట్టుకుని, మళ్లీ రంజాన్ వచ్చేలోగా అన్ని ఉపవాసాలూ తీర్చేస్తాం.

కానీ అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో ములూఖియా ఆకు కట్ట అలాగే ఉంది.

"నువ్వు తాగుతున్నావేంటే?" అంది.

రావియా కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడింది. "మళ్లీ మొదలైంది అత్తయ్యా."

నేను అక్కడే పొయ్యి దగ్గర ఉల్లిపాయలు వేయిస్తున్నాను. అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం నా కళ్లతో చూశాను. ఆవిడ అంతగా ఎందుకు బెదిరిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానందుకు ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మా అత్తగారు తఫీదాకి చదువు రాదు. సంతకం చేయమంటే వేలిముద్ర వేస్తుంది. అయితే ఇద్దరు కోడళ్లలో ఎవరు ఏ రంజాన్‌లో ఎన్ని ఉపవాసాలు విడిచారో, ఎన్ని తీర్చారో ఆవిడ నాలుక మీద ఉంటుంది. ఈజిప్టులో దమ్యాత్ ఊళ్లో మాది మూడంతస్తుల ఇల్లు. కింద ఆవిడ, రెండో అంతస్తులో మేము, పైన మరిది వాళ్లు. రంజాన్‌కి నెల ముందు ఆవిడ మెట్ల కింద నిలబడి, "ఈనాస్, నీవి ఇంకా రెండున్నాయి" అని వీధి వీధంతా వినేలా కేకేసి నా పరువు తీసేది. నిరుడు రావియా ముప్పై రోజులూ ఉపవాసం ఉంది. అప్పటికే తనకి నెలసరి ఆగి ఏడాది దాటింది. ఈ ఏడు అత్తగారు తన పేరెత్తి అడగడానికి ఏమీ మిగల్లేదు.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది ఆవిడ.

రంజాన్‌కి రెండు నెలల ముందొచ్చే రజబ్ నుంచి, ఇది మూడోసారి అని చెప్పింది రావియా. మరి ఎవరికైనా చెప్పావా అంటే, తన చూపు నా వైపు తిరిగింది. అక్కకి చెప్పాను, యాప్‌కి చెప్పాను అంది.

ఆ యాప్‌ని ఇంట్లోకి తెచ్చింది నేనే. ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్తాను నేను. యాభై దాటాక ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. పాఠం మధ్యలో చెవుల దాకా మంట లేచేది, చున్నీ కింద మెడంతా తడిసిపోయేది, పిల్లలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకునేవాళ్లు. డాక్టరు దగ్గరికెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టి, నా మొహం కూడా సరిగ్గా చూడకుండా వయసమ్మా అని పంపించేశాడు. తర్వాత ఎవరో చెప్తే, నెలసరి లెక్కలూ ఒంట్లో బాధలూ రాసుకునే ఈ యాప్ పెట్టుకున్నాను. నెలకి రెండొందల యాభై గినీలు. మా ఆయన ఎగతాళి చేశాడు, చెమట పట్టిందని చెప్పడానికి ఫోనుకి జీతం ఇవ్వాలా అని.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు మేలే చేసింది. ఏ రోజు ఏం తిన్నాను, ఎప్పుడు ఆవిరొచ్చింది, ఎంతసేపు నిద్రపోయాను అన్నీ రాయించుకుంది. సాయంత్రం తాగే చిక్కటి టీయే నా నిద్ర పాడుచేస్తోందని నెల తిరక్కుండా తేల్చింది. ఆవిరొచ్చినప్పుడు ఊపిరి ఎలా తీయాలో నేర్పింది. మళ్లీ మనిషినయ్యాను. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? బడిలో, పెళ్లిళ్లలో, మంగలి దుకాణం మెట్ల మీద కూర్చునే ముసలమ్మల దగ్గర కూడా అదే గొప్ప. జేబులో డాక్టరుందని చెప్పుకుంటూ తిరిగాను.

రావియా మా మరిది సోఫాల కార్ఖానాకి తొడుగులు కుడుతుంది. వేసవిలో మఖ్మల్ గుడ్డ ఒళ్లో వేసుకుని కూర్చుంటే ఆవిర్లతో ప్రాణం పోతోందని ఏడ్చింది. ఒక చందాతో ఇద్దరు వాడుకోవచ్చని ఉంటే, ఆ పూటే తన ఫోన్లో పెట్టిచ్చాను. అది ఏవేవో ప్రశ్నలు అడిగింది. నేను చదువుతుంటే తను చెప్పింది, నేను నొక్కాను. నెలసరి పూర్తిగా ఆగిపోయిందా అన్న చోటికి రాగానే తను నా మణికట్టు పట్టుకుంది.

"ఆగిపోయిందని పెట్టకక్కా. మనవాళ్లు దానికి పెట్టిన పేరే నిరాశ వయసు. నాకప్పుడే నిరాశేంటి? మీ మరిది ఫోన్ చూశాడంటే రెండో పెళ్లాన్ని తెస్తాడు."

నేను పకపకా నవ్వాను. నవ్వి, అప్పుడప్పుడు వస్తోంది అన్నదాని మీద నొక్కాను. మా ఊళ్లో వయసు దగ్గర నిజం చెప్పే ఆడది ఎక్కడుంది? కాగితాల్లో కూడా రెండేళ్లు తగ్గించి రాయిస్తాం. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

రజబ్‌లో తనకి మొదటిసారి రక్తం కనబడింది. ఫోన్లో రాయగానే తెర మీద గులాబీ రంగు పువ్వు విచ్చుకుందట. మీ చక్రం తిరిగి వచ్చింది, శుభాకాంక్షలు అని వచ్చిందట. బస్బూసా మిఠాయి పళ్లెం పట్టుకుని మెట్లు దిగి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నాకు ఏమనిపించిందో దాచను. అసూయపడ్డాను. నాకంటే రెండేళ్లే చిన్నది, దానికి వయసు వెనక్కి తిరిగింది, నాకు మాత్రం మోకాళ్ల నొప్పులు అనుకున్నాను. ఆ కుళ్లులో నేను పిల్లలకి చెప్పే పాఠం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. బస్బూసాలో పంచదార ఎక్కువైందని మాత్రం అన్నాను.

వంటింట్లో అత్తగారు ములూఖియా కట్ట బల్ల మీద పడేసి కూర్చుంది. ఆగిపోయి ఏడాది దాటాక కనబడే రక్తం నెలసరి కాదంది. దానికి ఉపవాసం మానక్కర్లేదు, నమాజు మానక్కర్లేదు, అది జబ్బు రక్తం, వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. మసీదులో ఆడవాళ్లకి పాఠం చెప్పే షేఖా ప్రతి రంజాన్‌కి ముందూ ఇది చెప్తుందట. మేమిద్దరం ఒక్కసారైనా ఆ పాఠానికి వెళ్లామా అని నిలదీసింది.

నాకు రోషం వచ్చింది. మసీదు పాఠం వేరు, వైద్యం వేరు అన్నాను. ఈ యాప్‌ని పెద్ద పెద్ద డాక్టర్లు కలిసి తయారుచేశారు, మీకు తెలీదు అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "సరే, పెద్ద డాక్టర్లే. నీకు ఆగిపోయి ఎన్నాళ్లయిందమ్మా అని ఆ డాక్టర్లలో ఒక్కడైనా దీన్ని అడిగాడా?"

అడిగారు. జవాబు నేనిచ్చాను. రావియా కూడా నా వైపే చూస్తోంది. గ్లాసు ఇంకా తన చేతిలోనే ఉంది. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడిపోతున్న వాసన ముగ్గురికీ వస్తోంది, ఎవరూ కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు మా ఇద్దర్నీ ముందు నడిపించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టర్ నివీన్ నాకంటే చిన్నది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. స్కానింగ్ చేసి చూసింది. గర్భసంచి లోపలి పొర ఉండాల్సిన దానికి నాలుగింతలు మందంగా ఉందట. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. తర్వాత రక్తం ఏయే రోజుల్లో కనబడిందో అడిగింది. రావియా ఫోన్ తీసి ఇచ్చింది. తేదీలు, ఎంత పోయింది, ఏ రంగులో పోయింది, నడుంనొప్పి ఉందా లేదా, ఒక్క రోజు వదలకుండా రాసుకుంది పిచ్చిది. డాక్టర్ తెర జరుపుతూ పోయింది. పువ్వు మీద పువ్వు, పువ్వు మీద పువ్వు.

"ఇంత వివరంగా రాసుకునే మనిషిని నేను చూళ్లేదు. వీటిని చదివిందెవరు?" అని అడిగింది.

ఎవరూ చదవలేదు. రావియా రాసింది, ఫోన్ దాచుకుంది, అంతే. నేను బయట బల్ల మీద కూర్చుని నా ఫోన్ తీశాను. తప్పంతా నాదేనా, దానిదీ ఉందా తెలుసుకోవాలనిపించింది. నా వివరాల్లో నెలసరి ఆగి రెండేళ్లయిందని నిజమే ఉంది. ఈ రోజు రక్తం కనబడిందని అబద్ధం రాశాను. గులాబీ పువ్వు విచ్చుకుంది. శుభాకాంక్షలు అంది. నేను నిజం నొక్కి ఉన్నా అది ఇదే మాట చెప్పేదన్నమాట. ఒక్క క్షణం ఊరటగా అనిపించింది. లోపల పరీక్షకి ముక్క తీస్తుంటే రావియా మూలుగు వినబడింది. ఆ ఊరటకి సిగ్గుతో చచ్చిపోయాను.

పరీక్షకి పంపిన పదకొండో రోజున ఫలితం వచ్చింది. క్యాన్సర్. గర్భసంచి గోడలోకి సగం దాకా పాకింది, బయటికి వెళ్లినట్టు కనబడలేదు, ఆపరేషన్ తర్వాత మన్సూరాలో కరెంటు పెట్టించాలి, బతికే అవకాశాలు బాగానే ఉన్నాయి అని చెప్పింది డాక్టర్. రజబ్‌లోనే వచ్చి ఉంటే ఆపరేషన్‌తో సరిపోయేదేమో అని కూడా అంది. మరిది నేల మీద చతికిలబడిపోయాడు. రెండో పెళ్లాం తెస్తాడని దీని భయం. ఆ మనిషి గోడకి తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

పండగ ఆసుపత్రిలోనే గడిచింది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు రావియా దిండుకి ఆనుకుని కూర్చోగలిగింది. నన్ను తిడుతుందని ఎదురు చూస్తున్నాను. తిడితే బాగుండునని కూడా ఉంది. తను తిట్టలేదు. ఫోన్ ఇమ్మంది.

"నువ్వు చూడనిది ఒకటుందక్కా" అంది.

రక్తం కనబడిందని రాసిన రోజునే యాప్ తనని ఒక గుంపులో చేర్చిందట. మళ్లీ పూసినవాళ్లు అని దాని పేరు. నాలుగొందల పన్నెండుమంది ఆడవాళ్లు. ఒకామెకి అయిదేళ్ల తర్వాత వచ్చిందట, దేవుడికి స్తోత్రం అని రాసుకుంది. సూహాజ్ నుంచి ఒకామె, కోడలికీ తనకీ ఒకే వారంలో వచ్చిందని మురిసిపోయింది. ఇరాక్‌లో బస్రా నుంచి ఉమ్ లుఅయ్ అనే ఆమె మూడేళ్ల తర్వాత వచ్చిందని, రెండు నెలలుగా ఆగట్లేదని, యవ్వనం పొంగుతోందని రాసింది. కింద రెండొందల మంది గుండె గుర్తులు పెట్టారు. వాటిలో మా రావియాది కూడా ఉంది.

"ఈమెకి నేను గుండె గుర్తు పెట్టానక్కా. ఈమెకి చెప్పు" అంది. అప్పుడు ఏడ్చింది.

నేను అందరికీ కనబడేలా రాశాను. ఇది నెలసరి కాదు, ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి, నా చెల్లెలు ఆసుపత్రిలో ఉంది అని. రెండు నిమిషాల్లో నా మాట మాయమైంది. మళ్లీ రాశాను, మళ్లీ మాయమైంది. ఇక ఒక్కొక్కరికీ విడివిడిగా పంపడం మొదలుపెట్టాను. ఏడుగురికి పంపేసరికి తెర తెల్లబడింది. వైద్య సలహాలు ఇవ్వడం మా నియమాలకు విరుద్ధం, మీ ఖాతా మూసివేయబడింది అని వచ్చింది. రావియా ఫోన్లోనూ అదే మాట, ఎందుకంటే చందా ఒక్కటే. ఇంకో ఖాతా తెరిచి డబ్బు కట్టాను. ఆ గుంపు దొరకలేదు. రక్తం వచ్చిందని అబద్ధం రాస్తే ఏదో ఒక గుంపులో చేర్చింది, కొత్త గుంపు, అందరూ కొత్తవాళ్లు. వాళ్లూ సంతోషంగానే ఉన్నారు.

అత్తగారు మంచం పక్కన జపమాల తిప్పుతూ ఇదంతా వింటోంది. బస్రా ఆమెకి చెప్పావా అని అడిగింది. ఆమె దాకా రాలేకపోయాను అత్తయ్యా అన్నాను.

"అయితే పేరు చెప్పవే. మన సోఫాలు ఇరాక్‌కి పోతాయిగా, లారీవాళ్లతోనైనా చెప్పి పంపిద్దాం. ఆమె సొంత పేరేంటి?"

మా ఆడవాళ్లలో ఎవరు పరాయివాళ్లకి సొంత పేరు చెప్తారు? ఉమ్ లుఅయ్, అంటే లుఅయ్ వాళ్లమ్మ అని రాసుకుంది, అంతే తెలుసు అన్నాను. బస్రా ఎంత పెద్ద ఊరో అత్తగారికి తెలీదు. ఆవిడ మళ్లీ మళ్లీ అదే అడిగింది, నేను మళ్లీ మళ్లీ తెలీదనే చెప్పాను.