నోరు మెదపని ఇష్తియాక్

గడప దగ్గరి క్లోరిన్ నీళ్ళ తొట్టిలో పాదాలు ముంచి, గోనెపట్టా మీద తుడుచుకుని, ఇష్తియాక్ రొయ్యల ఫ్యాక్టరీ ఆఫీసులోకి వచ్చాడు. పదకొండేళ్ళుగా వారానికి మూడు రోజులు ఇదే తంతు. ఆ నీళ్ళకి మడమలు పాలిపోయి పగుళ్ళిచ్చాయి. సన్నటి మనిషి. వంగిన భుజాలు, నెరిసిన గడ్డం, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. విజయవాడ వించిపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చినా చొక్కా ఇస్త్రీ నలగదు. గాజు కిటికీకి అవతల తెల్లటోపీల ఆడవాళ్ళు అప్పటికే రొయ్యలు ఒలుస్తున్నారు.

అతను చేసే పని చుట్టాలకి కూడా సరిగా తెలియదు. ఏ చెరువు రొయ్య ఏ రోజు వచ్చింది, ఏ లాటులో కలిసింది, ఏ కంటైనర్లో సముద్రం దాటింది, ఆ వివరమంతా కంప్యూటర్లో చెక్కుచెదరకుండా కాపాడటం. డేటాబేస్ అంటే టైపు కొట్టడమేగా అంటారు. అవునంటాడు. వాదించే ఓపిక అతనికి ఏనాడూ లేదు.

యజమాని తిరుపతిరావు అతన్ని ఊరికే పెట్టుకోలేదు. అంతకుముందున్నవాడు రైతుల ఫోన్ నంబర్లన్నీ పోటీ కంపెనీకి మోసుకుపోయాడు. కంప్యూటర్ వచ్చినవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు, నమ్మదగ్గవాడు ఎవడా అని ఆయన నెల్లాళ్ళు వాకబు చేశాడు. చివరికి ఒక రైసుమిల్లాయన చెప్పాడు. "ఇష్తియాక్‌ని పెట్టుకోండి. నోట్లో నువ్వుగింజ నానేది ఈ ఊళ్ళో ఆయనొక్కడికేనండి."

ఆ మాటే ఇష్తియాక్ డిగ్రీ, ఆస్తి. మరో రెండు చోట్ల పని కూడా ఆ మాట మీదే నడుస్తోంది. ఇంట్లో ఫరహత్ ఇవాళేం జరిగిందని అడిగితే "ఏముంటుంది" అంటాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో కంపెనీ ముచ్చట ఒక్కటీ ఆవిడ చెవిన పడలేదు. గోడకి పెళ్ళయిందని ఆవిడ దెప్పుతుంటుంది.

పదకొండింటికి తిరుపతిరావు పిలిచి తలుపు వేశాడు.

"కంటైనర్ వెనక్కొచ్చిందండీ. పరీక్షలో రొయ్యలకి యాంటీబయాటిక్ తగిలిందంట. ఏ చెరువుదో చూశారా?"

"చూశానండీ. మీ బావమరిదిగారిది."

"రేపు ఆఫీసర్లు తనిఖీకొస్తన్నారు. ఆ లాటు బుల్లెమ్మ చెరువు కింద చూపించండి."

ముదినేపల్లి పక్కన ఎకరన్నర చెరువు బుల్లెమ్మది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. చదువు రాదు. చెరువులో రొయ్య పట్టుబడి అయిన ప్రతిసారీ ఆఫీసుకొచ్చి, "సాయిబుగారూ, నా చెరువు నంబరొకసారి పైకి చదవండి" అని, విని, కొంగు దులుపుకుని వెళ్తుంది. ఈ మచ్చ పడితే జిల్లాలో ఏ కంపెనీవాడూ రొయ్య కొనడానికి ఆమె చెరువు గట్టెక్కడు.

"ఆవిడేం చేసిందండీ?"

"ఏం చెయ్యలేదు. మావోడికి అరవై ఎకరాలు. నిన్నట్నుంచి మా ఆవిడ అన్నం ముట్టలేదు."

"నేను మార్చనండీ."

తిరుపతిరావు గొంతులో గారూ, మీరూ జారిపోయాయి. "నమ్మకస్తుడివని నెత్తిన పెట్టుకున్నానయ్యా. సాయంత్రానికి ఇంకోణ్ణి తెచ్చుకుంటా. పాస్‌వర్డులు రాసిచ్చి వెళ్ళు. నీ గురించి ఎవరన్నా ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలో కూడా నాకు తెలుసు."

ఇష్తియాక్‌కి భయమేసింది. యాభై ఆరేళ్ళ వయసులో ఎవరి గుమ్మం ఎక్కాలి? డబ్బాలో అన్నం అలాగే ఉంచేసి, ఆఫీసు వెనక నీడలో మధ్యాహ్నపు జొహర్ నమాజు చదువుకుని వచ్చి కూర్చున్నాడు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పకపోవడమే నమ్మకమనుకుని ఇన్నాళ్ళూ బతికాడు. తను మార్చనంత మాత్రాన బుల్లెమ్మ బయటపడదు. సాయంత్రం వచ్చేవాడు మారుస్తాడు. ఆమెకి ముందే తెలియాలి. తెలియాలంటే తనే చెప్పాలి. చెప్పిన మరుక్షణం రైసుమిల్లాయన మాటకి కాలం చెల్లుతుంది. లేచి మంచినీళ్ళు తాగాడు.

మూడింటికి పాస్‌వర్డులన్నీ ఒక్క అక్షరం దాచకుండా రాశాడు. అవి తిరుపతిరావువే, ఆయనకి చెందాలి. తర్వాత ఆ లాటు ఏ చెరువు నుంచి వచ్చిందో చూపించే పేజీ రెండు కాపీలు తీసి, కింద పెన్నుతో నిదానంగా ఏదో రాసి, యజమాని గదిలోకి వెళ్ళాడు.

"పాస్‌వర్డులు ఇవిగోండీ. ఈ కాగితం ఒకటి మీకు, ఒకటి బుల్లెమ్మగారికి. ఇప్పుడే ముదినేపల్లి వెళ్తున్నాను. మీకు తెలియకుండా ఆవిడకివ్వడం ఇష్టంలేక చెబుతున్నానండీ."

తిరుపతిరావు కాగితం బల్ల మీద పెట్టి, "నువ్వేనా?" అన్నాడు.

"నేనేనండీ."

బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. ముదినేపల్లి మీదుగా గుడివాడ పోయే బస్సు కిక్కిరిసి వచ్చింది. ఇష్తియాక్ చొక్కా నలుగుతున్నా పట్టించుకోకుండా, జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకుని, ఫుట్‌బోర్డు మీద నిలబడి వెళ్ళిపోయాడు.

తిరుపతిరావు బల్ల మీద ఆ కాగితం అలాగే ఉంది. లాటు నంబరు, బావమరిది పేరు, వాటి కింద నీలి సిరాతో ఇష్తియాక్ పూర్తి పేరు, వించిపేట ఇంటి నంబరు, ఫోన్ నంబరు, గుండ్రటి అక్షరాల్లో ఒక్క వాక్యం: అడిగినవాళ్ళకి నేను చెబుతాను.