అరుగు మీద నుంచి చూసిన గడ్డ

కత్తికి పదును పెట్టాలి. సోడాషాపు పాపారావు దగ్గర నుంచి గ్యాసు సిలిండరు తెప్పించాలి. నీలం రంగు వడగట్టాలి. గాజుపలకలు కడిగి ఆరబెట్టాలి. పది గంటలకు ఆపరేషను. గడ్డలోంచి కోసిన ముక్క చేతికి వచ్చిన పది నిమిషాల్లో సంగతేమిటో చెప్పెయ్యాలి.

ఏలూరు మిషను ఆసుపత్రి లాబరేటరీలో పనిచేసే సత్యవేదం ఇవన్నీ పలక మీద రాసుకుని, చివర రోగి పేరు చూశాడు. మంగతాయారు. భర్త డాక్టరు గంగాధరరావు, తాడేపల్లిగూడెం. చేతిలో బలపం పుటుక్కున విరిగింది.

ఆరేళ్ల కిందట, అంటే పందొమ్మిది వందల ముప్ఫయ్యో సంవత్సరంలో, అతని తల్లి సారమ్మ కొల్లేటి ఒడ్డు నుంచి అత్తిలి వైపు నాట్లకు వెళ్లింది. అక్కడే రొమ్ములో గడ్డ తగిలింది. కాలేజీ సెలవులకు వచ్చిన సత్యవేదం ఆమెను తాడేపల్లిగూడెం తీసుకెళ్లాడు. గంగాధరరావు అరుగు దిగలేదు. ఆమెను వాకిట్లోనే నిలబెట్టి, “పాలగడ్డ. అవిసెగింజల పట్టు వెయ్యండి” అన్నాడు.

“ఏవండీ, మా అమ్మకి ఆఖరి బిడ్డని నేనేనండీ. నాకు ఇరవై ఏళ్లు. ఇంకా పాలెక్కడివండీ?”

“బి.ఏ. చదివితే గడ్డలు కూడా తెలిసిపోతాయేమిట్రా?” అని నవ్వాడాయన. అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఎనిమిది నెలలు పట్లు వేశారు. ఏలూరు వచ్చేసరికి గడ్డ పగిలింది. మిషను ఆసుపత్రిలో తాకి చూసిన డాక్టరమ్మగారు, “ముందే వస్తే కోసి తీసేదాన్ని” అంది. అది రాచపుండు, ఆమె మాటలో కేన్సరు. తల్లి పోయాక సత్యవేదం ఆ ఆసుపత్రిలోనే చేరాడు. తల్లి గడ్డలోంచి కోసిన ముక్కే అతనికి మొదటి పాఠం. దాన్ని చూసి చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు డాక్టరమ్మగారు అతని మాట మీదే కత్తి పెడుతుంది.

నర్సు రాజకుమారి గిన్నెలో ముక్క తెచ్చింది. “గాయం తెరిచే ఉందండీ. కేన్సరైతే రొమ్మంతా తీసేస్తారట, కాకపోతే కుట్టేస్తారట. మీ మాట కోసమే చూస్తున్నారు.”

ముక్కను లోహపు బిళ్ల మీద పెట్టి గ్యాసు తిప్పాడు. బుస్సుమంటూ మంచు పట్టింది. గడ్డకట్టిన ముక్క నుంచి పల్చటి పొర కోసి, గాజుపలక మీదికెత్తి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. నల్లగా, గుంపులు గుంపులుగా, గట్లు తెంచుకుపోతున్న కణాలు. ఐదేళ్లుగా ఎరిగిన మొహాలే.

గుమ్మంలో గంగాధరరావు నిలబడి ఉన్నాడు. సత్యవేదాన్ని గుర్తుపట్టలేదు. “పాలగడ్డే కదండీ?” అన్నాడు.

ఔనండీ అంటే చాలు. కుట్టేస్తారు. ఎనిమిది నెలల తరవాత ఆయనా పుండు వాసన పట్టిన గుడ్డలు ఉతికించుకుంటాడు. ఆ మాట సత్యవేదం నాలిక చివరిదాకా వచ్చింది, తియ్యగానే ఉంది. కానీ బల్ల మీద పడుకున్నది ఆయన కాదు. చూసింది ఒకటి, చెప్పేది ఇంకొకటి అయితే తనూ ఆ అరుగెక్కినట్టే.

“కేన్సరేనండీ. తీసెయ్యమనండి” అన్నాడు. రాజకుమారి పరుగెత్తింది.

అప్పుడు పెట్టెలోంచి పాత గాజుపలక తీశాడు. “రండి డాక్టరుగారూ. ఇంకా దగ్గరికి రండి. ఇది గాజండీ, మైల అంటదు.”

గంగాధరరావు ముందు భార్య పలక, తరవాత అతను మార్చి పెట్టిన పాత పలక వంగి చూశాడు. “ఇదీ కేన్సరేనయ్యా. ఎవరిది?”

“ఆరేళ్ల కిందట మీరు అరుగు మీద నుంచి చూసిన పాలగడ్డండీ. మా అమ్మ.”

ఆయన మళ్లీ వంగి చూశాడు. “నాకు గుర్తు లేదు బాబూ” అన్నాడు.

అన్నిటికంటే ఆ మాటే సత్యవేదాన్ని కాల్చింది. కలం ఆయన చేతిలో పెట్టాడు. “ఈ పలకకి అంటించిన చీటీ మీద నంబరే ఉందండీ. పేరు మీ చేత్తో రాయండి. సారమ్మ.”

ఆయన రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. “క్షమించు నాయనా” అన్నాడు.

“అది నన్నడక్కండి. మీ ఇంటావిడ లేచాక, ఎవరి ముక్క చూసి నేర్చుకున్న కన్ను తనని బతికించిందో ఆవిడకి చెప్పండి. అన్నం పెట్టినప్పుడల్లా ఆవిడ మిమ్మల్ని ఆ పేరు అడగాలండీ.”

మంగతాయారు బతికింది. రోజూ అడిగిందో లేదో తెలియదు. కుట్లు విప్పిన రోజు మాత్రం లాబరేటరీకి వచ్చి, ఆ గాజుపలక అడిగి చేతిలోకి తీసుకుంది.

సత్యవేదం ఆయన్ని క్షమించలేదు.

ఆ డాక్టరుకు గుర్తు లేదు. చదివినవారు మీరైనా గుర్తుంచుకోండి. కొల్లేటి ఒడ్డు నుంచి నాట్లకు వెళ్లిన మనిషి. ఆమె పేరు సారమ్మ.