ఏటిమూగి లేదు

నెల్లిమర్లలో కూర్చుని నరసింగరావు ఒక లోకాన్ని సృష్టించాడన్న సంగతి ఆయన భార్య పద్మకుమారికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆవిడకైనా అటక మీద చోటు చాలనప్పుడే అది గుర్తొచ్చేది.

రిటైరయ్యేదాకా జనపనార మిల్లు టైమాఫీసులో హాజరుపట్టీలు రాసే ఉద్యోగం ఆయనది. పట్టీ రాయడం పది గంటలకల్లా అయిపోయేది. ఆ తరవాత మిల్లువారి కుర్చీలోనే కూర్చుని, మిల్లువారి సిరాతోనే వెలిదీవి రాసుకునేవాడు. ముప్పై ఏళ్లలో ఇరవై మూడు పొడుగు పుస్తకాలయ్యాయి. వెలిదీవిలో ఏరులున్నాయి, కొండలున్నాయి, సంతలున్నాయి, సంతల్లో తూకం మోసాలున్నాయి. నిద్రపోయేవాడి నుదుటి చెమట నాకిపోయే ఉప్పుదూడ ఉంది. అది నాకిన మనిషి మర్నాడంతా అబద్ధం ఆడలేడు. అందుకని అక్కడి పెళ్లిళ్ల పేరయ్యలు తలకు తువ్వాలు బిగించుకుని మరీ పడుకుంటారు. గాలొస్తే ఎగిరే బూరుగుపిల్లి ఉంది. వానకి తడిసి బరువెక్కి ఎవరి పెరట్లో పడితే వాళ్లదే తన ఇల్లనుకుంటుంది.

ఇవన్నీ నిజంగా ఉన్నవి. అంటే, వెలిదీవిలో నిజంగా ఉన్నవి. లేనివాటికి వేరే పుస్తకం, పదకొండోది. దాని అట్ట మీద ఎర్రసిరాతో 'వెలిదీవి ప్రజల మూఢనమ్మకాలు' అని ఉంటుంది. నరసింగరావు హేతువాది. దెయ్యం పట్టిందన్న ఇంటికి పిలవకుండానే వెళ్లి, పట్టలేదని రుజువు చేసి, ఆ ఇంటివాళ్ల చేత తిట్లు తిని వచ్చే రకం. అలాంటివాడు సొంత లోకంలో జనం అడ్డమైనవన్నీ నమ్ముతుంటే ఊరుకుంటాడా? ఒక్కో పుకారు జంతువునూ ఓపిగ్గా వర్ణించి, కింద 'ఇది లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ పుస్తకమే కొంప ముంచింది.

భోగాపురం విమానాశ్రయం దగ్గర హైవే పక్కన, ఒక కల్యాణమండపం మేడ మీద, ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి వెలిసింది. విమానాశ్రయం పక్కన ఏది పెట్టినా ఎగురుతుందని దాని యజమాని ధనరాజు నమ్మకం. ఈ నమ్మకం పదకొండో పుస్తకంలో లేదు. ఆ కంపెనీలో కథలు చూసే యుగంధర్ పద్మకుమారికి పిన్ని మనవడి వరస. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడు, మంచినీళ్లు తాగుతూ, దులపడానికి కిందకి దించిన పుస్తకాల్లో ఒకటి తెరిచాడు. ఇక శుభలేఖ మాట మరిచిపోయి సాయంత్రం దాకా చదివాడు.

“మావయ్యా, ఈ ఏటిమూగంటే ఏటి?”

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒకరు వెలిదీవి గురించి ప్రశ్న అడిగారు. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు.

“ఏటిగట్టు జనం పుట్టించిన పుకారు. ఏటి అడుగున ఉంటాదట. ఒళ్లంతా నాచట. నోరుండదట. అమాసకి అమాసకి గట్టెక్కి మేకల్ని పట్టుకుపోతాదట. అంతా వొట్టిది.”

“అదిరింది మావయ్యా! మా ఆటలో ఆఖరి పోరాటం దీంతోనే ఎట్టీసుకుందుము.”

“ఎలాగెడతావు? అది లేదు కదా.”

మావయ్య సరసమాడాడనుకుని యుగంధర్ నవ్వాడు. పాపం, అతనికి మావయ్య అప్పటికింకా సరిగ్గా తెలియడు.

నెల తిరక్కుండా, ఒప్పందం మీద సంతకానికి ఆయన్ని తీసుకెళ్లడానికి కంపెనీ కారు నెల్లిమర్ల వచ్చింది. నరసింగరావు ఇస్త్రీ చొక్కా వేసి, జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నాడు.

“పెళ్లిసూపులకైనా ఇంత సోకు సేసుకోనేదు మీరు,” అంది పద్మకుమారి వీధి గుమ్మంలో నిలబడి.

కంపెనీ మేడ మీద ఏసీ చలికి ఆయన పళ్లు టకటకలాడాయి. ధనరాజుకు ముప్పై ఏళ్లుంటాయి. నరసింగరావును మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, “మీలాంటి పెద్దోళ్ల వల్లే సార్ మన సంస్కృతి బతుకుతన్నాది,” అన్నాడు. అది సంస్కృతి కాదు, టైమాఫీసులో తను ఊహించుకున్నది అని చెప్పబోయేలోగా గోడంత తెర వెలిగింది.

తెర మీద ఏరు చీలి ఏటిమూగి లేచింది. దానికి కొమ్ములున్నాయి. వస్తాదు ఛాతీ ఉంది. నీళ్లలోంచి లేచిన ఆ జంతువు ముక్కులోంచి, ఏ ఇబ్బందీ లేకుండా, నిప్పులు కురిశాయి. అన్నిటికీ మించి పెద్ద నోరు ఉంది. అందులో మూడు వరసల పళ్లు.

“నోరెందుకుంది?” అన్నాడు నరసింగరావు.

“నోరు లేకపోతే అరవదు కదండి. అరవకపోతే ఆడేవోడికి భయమెలా వస్తాది?”

“పేరులోనే మూగి అనుంది కదా బాబూ.”

“పేరు ఎవుడు సదువుతాడు సార్?”

“సరే, నోటి సంగతి తరవాత. అసలు ఏటిమూగే లేదు. వెలిదీవి జనం ఉందనుకుంటారు, అంతే. మీరు దాన్ని ఇలా ఒంటితో చూపించేస్తే, వాళ్ల మూఢనమ్మకం నిజమైపోదా?”

ధనరాజు యుగంధర్ వైపు చూశాడు. యుగంధర్ ఏసీ వైపు చూశాడు.

“సార్,” అన్నాడు ధనరాజు చాలా మర్యాదగా, “ఆ మాటకొస్తే వెలిదీవి కూడా లేదు కదండి?”

“వెలిదీవి ఉంది. ఏటిమూగి లేదు.”

గైర్హాజరైనవాడి పేరు పక్కన గీత పెట్టే గొంతుతో అన్నాడాయన. కళాకారులతో ఎలా మెలగాలో ఎక్కడో రెండు రోజుల శిక్షణ తీసుకున్న ధనరాజు టీ తెప్పించాడు. “బాగా ఆలోచించుకోండి సార్. మీ సంతకానికి మాకేటీ తొందర లేదు. రేపైనా పర్లేదు,” అని కారెక్కించాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పద్మకుమారి పెరట్లో నెత్తళ్లు బాగుచేస్తోంది. ఆయన చెప్పులైనా విప్పకుండా జరిగిందంతా ఏకరువు పెట్టాడు. చేపల దగ్గర నుంచి లేవడానికి వీల్లేక ఆవిడ మొత్తం వింది.

“నోరు లేదన్నారు కదా దానికి?”

“లేదు.”

“మరి మేకల్నెలాగ తింటాది?”

“ఎక్కడ తింటాది? అసలదే లేదంటన్నాను కదే!”

“మరి మేకలో?”

“మేకలేటి?”

“అమాసకో మేక పోతన్నాదని మీరే రాసినారట, యుగంధర్ సెప్పినాడు. దెయ్యం లేదు, సరే, ఒప్పుకున్నాను. మేకైతే పోయింది కదా. ఎవులు తిన్నారు?”

దెయ్యాలు లేవని రుజువు చేయడంలో జీవితం గడిపిన మనిషిని మేకల గురించి అడిగినవాళ్లు ఇప్పటిదాకా లేరు. నరసింగరావు అన్నం వద్దన్నాడు. పుస్తకాలన్నీ తనే దించి నేల మీద పరిచి కూర్చున్నాడు.

నాలుగో పుస్తకంలో దొరికింది. ఏటిగట్టుకు గట్టుపెద్ద అని ఒక మోతుబరి ఉన్నాడు. అమాస మర్నాడల్లా వియ్యాలవారిని పిలిచి మాంసం విందు చేస్తాడు. ఆ విందు వాసన గురించి నరసింగరావు ఒకప్పుడు పేజీన్నర రాసి మురిసిపోయాడు. తొమ్మిదో పుస్తకంలో గట్టుపెద్ద ఆస్తి వివరాలున్నాయి: కొబ్బరితోట, రెండు పడవలు, పొలం. మేకలు లేవు. పదకొండో పుస్తకం తెరవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. తెరిచాడు. 'ఏటిమూగిని మొదట చూసినవారు: గట్టుపెద్ద.' తన ఎర్రసిరాయే, తన దస్తూరీయే.

ముప్పై ఏళ్లుగా ఆయన మేకలు పోగొట్టుకున్న వాళ్లను మూర్ఖులని రాశాడు. మేకలు తిన్నవాణ్ణి మాత్రం, నాలుగో పుస్తకంలో చూస్తే, 'ఉదార స్వభావి' అని రాశాడు. మిల్లులో ఎవరి హాజరైనా తప్పు వేస్తే ఎలా అనిపించేదో అలా ఉంది, కాకపోతే ఈసారి ఊరు ఊరంతటికీ తప్పు వేశాడు.

మర్నాడు కారు కోసం ఆగలేదు. మూడు పుస్తకాలూ సంచిలో వేసుకుని భోగాపురం బస్సెక్కాడు. ధనరాజు మొత్తం విన్నాడు.

“అంటే సార్, ఆఖరి పోరాటం ఓ ముసలాయనతోనా?”

“పోరాటం కాదు, పంచాయితీ. సాక్షుల్ని పిలవాలి. గట్టుపెద్ద పెరడు తవ్వి, పాతేసిన మేకతోళ్లు పైకి తియ్యాలి.”

“పంచాయితీని ఎవుడు డౌన్‌లోడ్ చేసుకుంటాడు సార్?”

“నాను సేసుకుంటాను,” అన్నాడు యుగంధర్ నెమ్మదిగా. ధనరాజు చెవికి కింది ఉద్యోగుల మాటలు ఆనవు.

“అయితే ఆ పళ్లజంతువును ఏటైనా చేసుకోండి,” అన్నాడు నరసింగరావు లేస్తూ. “ఏటిమూగన్న పేరూ, వెలిదీవన్న పేరూ మాత్రం వాడకండి. అవి నావి.”

ధనరాజు ముఖం వికసించింది. ఆ రెండు పేర్లూ కలిపితే ఆట బటన్ మీద పట్టడం లేదని బొమ్మలు గీసేవాళ్లు పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నారట. ఆ సంతోషంలో, ఇంకెవరికో తెచ్చిన పొందూరు ఖద్దరు శాలువా నరసింగరావు భుజాల మీద కప్పి ఫొటో తీయించాడు. ఆట 'రివర్ రాకాసి' పేరుతో వచ్చింది. నెల్లిమర్ల పిల్లలు తొమ్మిది రోజులు ఆడారు. పదో రోజున ఇంకా ఎక్కువ పళ్లున్న జంతువు వేరే ఆటలో దొరికింది.

నరసింగరావుకు మాత్రం ముప్పై ఏళ్ల కోరిక తీరింది. ఒక పాఠకురాలు దొరికింది. పద్మకుమారి కళ్లజోడు పెట్టుకుని మొదటి పుస్తకం నుంచి చదవడం మొదలెట్టింది. పాఠకులు మెచ్చుకుంటారని ఎక్కడో విన్నాడు గాని, ఇంట్లో ఆ జాడ కనబడలేదు.

“ఏటండీ, ఇరవైమూడు పుస్తకాలు రాసినారు. పిల్లికి పేరెట్టినారు, దూడకి పేరెట్టినారు. ఒక్క ఆడమనిషికీ పేరెట్టనేదేటి?”

ఆయన కోపంగా పుస్తకాలు తిరగేశాడు. వెతికిన కొద్దీ కోపం తగ్గింది. “రాద్దామనే ఉంది,” అన్నాడు చివరికి.

“మేకలు పోయినోళ్లలో ఒకర్తుంటాది కదా. దానికి పేరెట్టండి. గట్టుపెద్ద పెరట్లోకి తోలండి. మిగతాది అదే సూసుకుంటాది.”

“పేరేటెట్టమంటావు?”

“దేముడమ్మ.”

హేతువాది ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తరవాత ఇరవై నాలుగో పుస్తకం తెరిచి, పట్టపగలు దేముడమ్మను గట్టుపెద్ద ప్రహరీ ఎక్కించి, అవతలికి దింపి, చేతికి గడ్డపార ఇచ్చాడు. పద్మకుమారి భుజం మీంచి వంగి చూసింది.

“ఏటిగట్టు నేల మెత్తగుంటాది. గడ్డపారెందుకు, పారెట్టండి.”

నరసింగరావు గడ్డపార కొట్టేసి, పార అని రాశాడు.