బదిలీ పాప

సోమవారం ఒక పాప చెవి వెనక చూసిన గుమ్మడిగింజంత మచ్చ, గురువారం నాలుగో పాప చెవి వెనక కూడా కనిపించేసరికి ఆరోగ్య కేంద్రం నర్సు చేతిలోని టార్చి జారిపోయింది.

పేర్లు వేరు. తల్లులు వేరు. చెవి ఒక్కటే!

ఆమె తలెత్తి, పాపను తీసుకొచ్చిన పెద్దమనిషిని చూసింది. నలుగురినీ తెచ్చింది అతనే.

"పాపకి మీరేమవుతారు?"

"మేనమామని, సిస్టర్."

"మొన్నటి పాపకి?"

"మేనమామనే."

"ఎంతమందండీ మీకు అక్కచెల్లెళ్లు?"

"దేవుడి దయవల్ల చాలామందే."

బల్ల మీద కాళ్లూపుతున్న పాపకు విసుగొచ్చింది. "నాన్నా, ఇవాళ నా పేరేంటి?"

మేనమామ పాప నోరు మూయబోయాడు. నర్సు వెళ్లి తలుపు గడియ వేసింది.

"ఇవాళ్టి పేరున్న అసలు పిల్లేదీ? వాళ్లమ్మ నిన్న ఫ్యాక్టరీ బాత్రూంలోంచి దొంగచాటుగా ఫోన్ చేసింది. వెనక నుంచి పిలిస్తే పిల్ల పలకడం లేదట. 'నాకు సెలవివ్వలేదు, సూపర్‌వైజర్ గారే తీసుకొస్తానన్నారు, చెవులు జాగ్రత్తగా చూడండమ్మా' అని ఒకటే ఏడుపు. మీ అమ్మాయి చెవులు చూసి, ఆ పిల్లకి బ్రహ్మాండంగా వినపడుతోందని రాసేదాన్ని!"

"నిజంగానే వినపడట్లేదా?" అతను పాపను బల్ల మీంచి దించేశాడు.

"ఇంకా ఆలస్యం చేస్తే మాటలు కూడా సరిగ్గా రావు. ఎవరండీ మీరు?"

"ఆ సూపర్‌వైజర్ని నేనే, సిస్టర్. మాది కుట్టు ఫ్యాక్టరీ. మనిషి రాకపోతే బదిలీ మనిషిని కూర్చోబెడతాం, మెషీన్ ఆగకూడదు. ఇరవయ్యేళ్లుగా నాకు తెలిసిన పని అదొక్కటే. తల్లికి సెలవిస్తే లైన్ ఆగుతుంది. పిల్లకి పరీక్ష చేయించకపోతే ప్రభుత్వం వాళ్లకిచ్చే భత్యం ఆగుతుంది. ఏదీ ఆగకూడదని, ఊళ్లు తిరిగి వాళ్ల పిల్లల్ని తెచ్చే తీరిక లేక, మా అమ్మాయిని బదిలీగా కూర్చోబెట్టాను. బరువు బాగుంది, పళ్లు బాగున్నాయి, అందరికీ మంచి మార్కులే వస్తున్నాయి కదా అని మురిసిపోయాను కూడా. తప్పు నాదే. ఆ తల్లుల్ని ఏమీ అనకండి, వాళ్ల పిల్లల్నే తెచ్చాననుకుంటున్నారు. ఇప్పుడే వెళ్లి ఆవిణ్ణీ పిల్లనీ పంపిస్తాను. ఆవిడ మెషీన్ మీద నేనే కూర్చుంటాను. నాకు కుట్టడం రాదు సిస్టర్. ఈ మాట మాత్రం మా లైన్లో ఎవరికీ చెప్పకండి."