చెప్పాకే కడగాలి

మా సంఘంలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు ఒకరి పాదాలు ఒకరం కడుగుతాం. ఆడవాళ్ళకు పక్క గది. ఇద్దరిద్దరు జతగా కూర్చుంటాం. నీళ్ళు ముట్టుకునే ముందు ఒకరినొకరు అడగాలి: నాకు నువ్వు చెప్పాల్సింది ఏమైనా ఉందా అని. ఉంటే చెప్పాలి. చెప్పకుండా కడిగితే అవి ఉత్త నీళ్ళే, ఇంట్లో తొట్టిలో కాళ్ళు పెట్టుకున్నా ఒకటే అనేవాడు మా పాత పాస్టరు.

ముప్పై ఏళ్ళుగా నా జత సవేతాయే.

గురువారం రాజధాని బుకారెస్టు వెళ్ళి, పాత కమ్యూనిస్టు ప్రభుత్వపు రహస్య పోలీసులు నా భర్త త్రిఫాన్ మీద రాసుకున్న ఫైలు చదివి వచ్చాను. దొంగచాటుగా తెచ్చిన బైబిళ్ళు దాచిన ఇళ్ళ చిరునామాల కాగితం అతని భార్య ఎడమ మేజోడులో ఉంటుందని ఎవరో చెప్పినట్టు అందులో ఉంది. ఆ మేజోడు నేను ఎవరి ముందు విప్పేదాన్ని? మొగుడి ముందు, సవేతా ముందు. ఆ కాగితం వల్లే త్రిఫాన్ మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చాడు, ఏడాది తిరక్కుండా పోయాడు. ఆయన శవానికి స్నానం చేయించడానికి నీళ్ళు మోసింది కూడా సవేతాయే.

అయినా, తన నోటితో ఒక్క మాట చెబితే చాలనుకునే ఇవాళ వెళ్ళాను. దారంతా దేవుణ్ణి అదే అడిగాను.

సవేతా తువ్వాలు నడుముకు చుట్టుకుని నా ముందు మోకరిల్లింది.

"నాకేమైనా చెప్పాలా?" అన్నాను.

"మన మధ్య ఏముంటుందే? కాలు ఇటివ్వు, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

"బాగా ఆలోచించుకో."

"నువ్వు వండే క్యాబేజీ ఆకు చుట్టల్లో ఉప్పెక్కువ. అది దేవుడికీ తెలుసు."

పక్కవాళ్ళు నవ్వారు. సవేతా నా ఎడమ పాదం వేళ్ళ సందులతో సహా కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుంది.

"ఫైలు చదివాను," అన్నాను మెల్లగా. "మేజోడు సంగతి ఉంది."

ఆమె ఏడవలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"మా చిన్నాడిని కాలేజీలోంచి తీసేస్తామన్నారు జాంఫీరా. ఆ తర్వాత ప్రతిసారీ ఇక్కడే, నీ కాళ్ళ దగ్గరే, లోపల్లోపల ఒప్పుకున్నాను. దేవుడు ఎప్పుడో క్షమించాడు. నా మనసు తేలికైపోయింది. ఇప్పుడెందుకే తవ్వడం?"

అంటే ఇన్నేళ్ళూ నా కాళ్ళ మీద పోసిన నీళ్ళతో తను శుభ్రమైంది. నన్ను అడక్కుండానే నా క్షమను తీసేసుకుంది. త్రిఫాన్‌ను పట్టిచ్చినందుకంటే దీనికే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

తర్వాత వంతు నాది. ఆమె బూట్లు విప్పి కాళ్ళు చాపింది. నేను తువ్వాలు చుట్టుకున్నాను గానీ మోకాళ్ళు వంగలేదు. కడగని మనిషి బల్ల దగ్గరికి రాకూడదు, అది మా నియమం. నేను కదలకపోవడం చూసి పాస్టరు భార్య రఫీలా వచ్చింది.

"నడుము పట్టేసిందా అక్కా? జరుగు, నేను కడుగుతాలే," అని సవేతా ముందు కూర్చుంది.

లోపల పాట మొదలైంది. సవేతా వెళ్ళి రొట్టె తీసుకుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నాకు రొట్టె లేదు.